ఆరు సెకన్ల మర్యాద

"నేను చెప్పాను," అంది అత్తగారు, తడిసిన చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని. "మోటారు కట్టెయ్యమ్మాయ్ అని ఇంత గొంతేసుకుని చెప్పాను."

"ఎక్కడ చెప్పారత్తయ్యా?"

"వంటింట్లో."

"నేను పెరట్లో ఉన్నాను."

"నువ్వు పెరట్లోకి వెళ్తే అది నా తప్పా? నిన్ను ఆఖరిసారి చూసింది వంటింట్లో. వంటింట్లోనే చెప్పాను. చెప్పడం నా వంతు, వినడం నీ వంతు."

మేడ మీది ట్యాంకు నిండి, పొర్లి, మెట్లన్నీ దిగి వచ్చిన నీళ్ళు ఈ వాదన వినడానికన్నట్టు హాల్లో చేరి సోఫా కింద సర్దుకున్నాయి. కోడలు తుడుపుకర్ర అందుకుంది. అత్తగారు ఆమెకు పెట్టిన పేరు టవరమ్మ. మొదట్లో అది వెక్కిరింపు. ఏడేళ్ళు గడిచేసరికి వీధి వీధంతా అదే పేరుతో పిలుస్తోంది కాబట్టి ఇప్పుడది ఆమె హోదా.

హాలు మూల ఆమె భర్త యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తుడుపుకర్ర దగ్గరికొస్తే అడక్కుండానే ఒక కాలు ఎత్తాడు, తర్వాత రెండోది ఎత్తాడు.

వేసుకోవడానికి వీల్లేని యూనిఫాం అది. మూడు రోజుల క్రితం, ఆంబులెన్స్ తాళాలు ఇచ్చేసి ఇంట్లో కూర్చోమన్నారు ఆస్పత్రివాళ్ళు. గుండెనొప్పి మనిషిని తీసుకొస్తుండగా, "ముందు వైపు లిఫ్టు ఆగిపోయింది, వెనక గేటుకి రండి" అని డాక్టరు బండిలోని తెరకి సందేశం పంపింది. బండి ముందు గేటుకే వెళ్ళింది. స్ట్రెచర్ని ఆస్పత్రి చుట్టూ తిప్పి తీసుకెళ్ళడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆ మనిషి బతికి బట్టకట్టాడు కాబట్టి సరిపోయింది.

"సందేశం రాలేదు" అంటాడు డ్రైవరు. "అందింది" అంటుంది కాగితం. చిక్కల్లా ఏమిటంటే, ఆ కాగితం ఇచ్చింది టవరమ్మ పనిచేసే నెట్‌వర్క్ కంపెనీ.

"నాలుగింటికి రమ్మన్నారు," అన్నాడు అతను కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆపి.

"తెలుసు."

"మీ కంపెనీ అందిందంటోంది. నువ్వేమంటావ్?"

"చూస్తాను."

మూడు రోజుల్లో ఇది నాలుగో 'చూస్తాను'.

"నువ్వు చూసేది కాగితం," అన్నాడు అతను. "నేనడిగేది నిన్ను."

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది గానీ, రుజువు లేని మాట నోట్లోంచి రానివ్వని చదువు ఆమెది. ఇస్త్రీపెట్టె ఒకసారి బుస్సుమంది. ఇంట్లో ఆ మాత్రం కోపం చూపించింది అదొక్కటే.

సరిగ్గా తొమ్మిదింటికి అత్తగారి ఫోను మోగింది. చెల్లెలు. మిన్ను విరిగి మీదపడినా ఆగని ఫోను అది. వంటింట్లో మొదలై, ఫ్రిజ్ పక్కనుంచి నడిచి, బాల్కనీ చేరి, మళ్ళీ వెనక్కొచ్చి, నలభై నిమిషాలు షికారు చేస్తుంది.

"ఆఁ, చెప్పవే... నా మొహం, ఇల్లంతా చెరువైంది. నేను చెప్పాను, వినలేదు... వాడా? ఉలకడు, పలకడు... ఆఁ, బాగానే వినబడుతోంది. ఇదివరకు ఫ్రిజ్ దాటితే చాలు టుంయ్‌మని కట్టయ్యేది, గుర్తుందా? రోజుకి ఏడెనిమిది సార్లు మళ్ళీ మళ్ళీ చేసుకునేవాళ్ళం. మా టవరమ్మ ఆ టవర్ల చెవి మెలేసి చెప్పింది. రెండు నెలల్నించి ఫ్రిజ్ దాటినా కట్ కావట్లేదు. ఎంతైనా కోడలంటే..."

తుడుపుకర్ర ఆగిపోయింది.

టవరమ్మ నెమ్మదిగా తల తిప్పి ఫ్రిజ్ వైపు చూసింది. తర్వాత బాల్కనీ అవతల, ఇంటికి ఎదురుగా ఆస్పత్రి వైపు సాగిపోయే ఫ్లైఓవరు వైపు చూసింది. దాని దీపస్తంభాలకి వరసగా పదకొండు తెల్లపెట్టెలు. ప్రతి పెట్టే ఒక చిన్న టవరు. వెళ్ళే బండిని ఒక పెట్టె కాసేపు పట్టుకుని, పక్క పెట్టె చేతికి ఇస్తుంది. ఆఫీసులో దాన్ని అప్పగింత అంటారు.

వాళ్ళ ఇల్లు మొదటి రెండు పెట్టెల సరిహద్దులో పడింది. సరిహద్దు రేఖ ఫ్రిజ్ మీదుగా పోతుంది. అత్తగారు అటు అడుగేస్తే ఒక పెట్టె, ఇటు అడుగేస్తే ఇంకో పెట్టె. ఆవిడ నడక ధాటికి రెండు పెట్టెలూ అప్పగించుకోలేక చేతులెత్తేసేవి. రెండు నెలల క్రితం, ఆ గోల భరించలేక, టవరమ్మ ఆఫీసులో ఒక చిన్న అంకె మార్చింది. "అర సెకను ఆగి అప్పగించు" అన్నచోట "ఆరు సెకన్లు ఆగు" అని పెట్టింది. చుట్టాలు వెళ్తామంటే గేటు దగ్గర పట్టుకుని అరగంట మాట్లాడే అలవాటు అత్తగారిది. ఆ మర్యాదే పెట్టెలకీ నేర్పింది.

అయితే రెండు పెట్టెలకి విడివిడిగా ఎందుకులే అని, ఒక్క నొక్కుతో వరస మొత్తానికి పెట్టేసింది.

పొద్దున్నా సాయంత్రం ఆ ఫ్లైఓవరు మీద బండ్లు నత్తలకి పోటీగా కదులుతాయి. వాటికి ఆరు సెకన్లు ఒక లెక్కా? కానీ ఆ రోజు సెలవు. రోడ్డు ఖాళీ. లోపల గుండెనొప్పి మనిషి. డ్రైవరు తొంభైలో వెళ్ళాడు. తొంభైలో వెళ్ళే బండి ఆరు సెకన్లలో ఒక పెట్టె నుంచి పక్క పెట్టెకి చేరుతుంది. మొదటి పెట్టె మర్యాదగా వదిలేసరికి బండి రెండో పెట్టెని కూడా దాటిపోతోంది. డాక్టరు సందేశం బండి ఉన్న చోటికి కాక, బండి ఉండిన చోటికల్లా వెళ్ళి తలుపు తట్టింది.

మరి 'అందింది' ఎలా అయింది?

"నేను చెప్పాను," అంటోంది బాల్కనీలోంచి అత్తగారు ఫోనులో. "వంటింట్లో చెప్పాను కదా, అది విననిదానికి నేనేం చేసేది?"

పెట్టెకి చేరగానే అందిందని రాసేసుకుంటుంది వ్యవస్థ. మనిషి చెవిన పడిందా లేదా దానికి అనవసరం. అచ్చంగా అత్తగారి లెక్క.

టవరమ్మ తుడుపుకర్ర గోడకి ఆనించి బ్యాగు అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"ఆఫీసుకి."

"సెలవు పెట్టానన్నావు?"

"పెట్టాను. అందుకే తొందరగా వచ్చేస్తాను."

*

ఆమె పైఅధికారిని ఆఫీసులో అందరూ 'రేపు సారు' అంటారు. ఏ కాగితం తీసుకెళ్ళినా "రేపు చూద్దాం" అని సొరుగులో పెట్టడం ఆయన పద్ధతి. వచ్చే నెల ప్రమోషను మీద పై అంతస్తుకి వెళ్ళబోతున్నాడు. ఆ సొరుగు కూడా వెంట తీసుకెళ్తాడో లేదో ఇంకా తేలలేదు.

మార్పుల రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది టవరమ్మ. రెండు నెలల నాటి వరస. పదకొండు పెట్టెలు, అర సెకను నుంచి ఆరు సెకన్లు. కారణం: వినియోగదారు ఫిర్యాదు. మార్చినవారి సంతకం ఆమెది. అనుమతించినవారి సంతకం ఆయనది.

"ఎవరా వినియోగదారు?" అన్నాడు ఆయన.

"మా అత్తగారు."

రేపు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ చూశాడు. రాత మారలేదు.

"చూడమ్మా, నేను చెప్పేది నీ మంచికే. మీవారికి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేస్తారట, ఆస్పత్రిలో కనుక్కున్నాను. సోమవారం నుంచి మళ్ళీ బండెక్కుతాడు. మనం సైలెంటుగా ఈ అంకె వెనక్కి మార్చేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"ఆ హెచ్చరికలో ఏమని రాస్తారు సార్?"

"ఏముంటుంది, సందేశం అందినా పాటించలేదని."

"ఆయనకి అందలేదు."

"మన దగ్గర అందిందనే ఉంది కదా!"

"పెట్టెకి అందింది సార్. బండికి అందలేదు. నేను సెలవు మీదున్నప్పుడు మీరు నా టేబుల్ మీద కాగితం పెట్టి, నాకు చెప్పానంటే ఎంత నిజమో ఇదీ అంతే."

ఆయనకి ఆ పోలిక నచ్చలేదు. పోయిన నెలే అలా చేశాడు.

"ఇంకోటి," అంది ఆమె. "అంకె వెనక్కి మారిస్తే సరిపోదు. ఫ్లైఓవరెక్కిన బండి దిగేదాకా పక్కకి తిరగదు. అలాంటప్పుడు దాని వెనకాల పరుగెత్తడం దేనికి? ముందున్న రెండు పెట్టెలకీ సందేశం నకలు పంపి ఉంచితే, బండి వచ్చేసరికి అదే ఎదురెళ్తుంది. బండి 'చూశాను' అన్నాకే 'అందింది' అని రాయాలి. ఇదంతా ఏడాది క్రితమే రాసిచ్చాను. మీ సొరుగులో ఉంది."

"రేపు చూద్దాం."

"ఇవాళ నాలుగింటికి ఆస్పత్రి కమిటీలో చెప్తాను సార్. మీరూ వస్తున్నారుగా."

రేపు సారు రిజిస్టరు మూసి, తన చేతి కింద పెట్టుకున్నాడు. "మీ సంతకం కూడా ఉందమ్మా దీంట్లో," అన్నాడు చాలా మెత్తగా. అంతవరకూ 'నీ' అంటున్న మనిషి హఠాత్తుగా 'మీ' అనేసరికి, బెదిరింపు ఎంత మర్యాదగా ఉంటుందో టవరమ్మకి తెలిసొచ్చింది.

*

ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. భర్త ఇస్త్రీ చేసిన యూనిఫాం కుర్చీకి తగిలించి, ఎదురుగా ఇంకో కుర్చీలో కూర్చున్నాడు. అతనూ యూనిఫామూ ఏదో ముఖ్యమైన విషయం మాట్లాడుకుంటూ ఆగినట్టున్నారు.

"తప్పు నాది," అంది టవరమ్మ, బ్యాగు భుజం మీంచి తియ్యకుండానే.

మొత్తం చెప్పింది. ఫ్రిజ్, పెట్టెలు, ఆరు సెకన్లు. అతను మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు.

"అంటే, నేను నెమ్మదిగా నడిపుంటే?"

"అందేది."

"లోపల మనిషి?"

బాగా నడపడమే అతను చేసిన తప్పని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"సరే," అన్నాడు అతను. "నువ్వక్కడ నోరు విప్పకు. హెచ్చరిక కాగితమేగా, తీసుకుంటాను. నీ ఉద్యోగం పోతే?"

"అబద్ధాలకోరని సంతకం పెడతారా?"

"మడిచి జేబులో పెట్టుకుంటాను. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. రోజూ మీ జేబులు తడిమి బట్టలు ఉతికేది నేనే."

"ఎందుకంత పట్టుదల నీకు?"

"మీకెందుకంత త్యాగం? మూడు రోజులు నాతో సరిగా మాట్లాడకుండా అలిగారు, ఇప్పుడు నాకోసం తల వంచుతారా? ఏదో ఒకటి తేల్చుకోండి. రెండూ అంటే కుదరదు."

అతని మూతి మీద నవ్వు లాంటిదేదో కదిలింది గానీ పూర్తిగా రాలేదు.

"టుంయ్!" అంది వంటింట్లో ఫోను.

"ఇదిగో అమ్మాయ్!" అత్తగారు ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చింది. "మళ్ళీ మొదలైంది నీ టవరు! ఫ్రిజ్ దాటగానే కట్టయింది. చెల్లెలు మాట మధ్యలో ఉంది. వాళ్ళ కోడలి సంగతి సరిగ్గా అసలు విషయానికి వచ్చే టైముకి!"

"ఎన్నిసార్లయిందత్తయ్యా?"

"మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఫ్రిజ్ దగ్గరే. పొద్దున బాగానే ఉంది కదా, ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదు," అంది టవరమ్మ. ఆమె కళ్ళు మెరిశాయి. "మా సారు చేశాడు."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఏ పనీ ఏ రోజుకారోజు చెయ్యని మనిషి, ఇవాళ గంటన్నరలో అంకె వెనక్కి మార్చేశాడు. నాలుగింటికి కమిటీ ముందు తెర తిప్పి, "చూడండి, అర సెకనే" అంటాడు. మనిషికి తొందర పుట్టిందంటే భయం పుట్టిందన్నమాట.

"అత్తయ్యా, ఆ ఫోను ఇలా ఇవ్వండి."

ఫోన్లో పాత కాల్స్ పట్టీ పైకి జరిపింది. రెండు నెలల వెనక, ప్రతి పొద్దునా వరసగా ఏడు తునకలు: మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, రెండు. మార్పు చేసిన మర్నాటి నుంచి రోజుకి ఒకటే: నలభై రెండు నిమిషాలు, నలభై ఎనిమిది, ఒకరోజు గంటా పది. ఇవాళ తొమ్మిదింటికి నలభై నాలుగు. ఇవాళ పన్నెండు తర్వాత మూడు, రెండు, మూడు.

ఆఫీసు తెరలో అంకె మార్చొచ్చు. అత్తగారి కబుర్లని మార్చగలవాడు ఇంకా పుట్టలేదు.

"ఏమిటే చూస్తున్నావు?" అంది ఆవిడ అనుమానంగా. "నేను ఎక్కువ మాట్లాడతాననా?"

"మీరింకా ఎక్కువ మాట్లాడుంటే బాగుండేదత్తయ్యా. నాలుగింటికి మాతో రావాలి."

"నేనా? నేనెందుకు?"

"ఫిర్యాదు చేసిన వినియోగదారు మీరే కాబట్టి."

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించింది. కొడుకు యూనిఫాం వైపు చూసింది. "చెప్పులు తడిశాయి," అంది. "నీవి ఇవ్వు."

*

కమిటీ గదిలో పొడుగాటి బల్ల. అటు వైపు తెల్లజుట్టు పెద్ద డాక్టరమ్మ, ఆవిడ పక్కన రేపు సారు. ఆయన ముందు కంప్యూటరు, పక్కన ఆ రిజిస్టరు. ఇటు వైపు డ్రైవరు, భార్య, తల్లి. "కుటుంబమంతా వచ్చారే," అంది డాక్టరమ్మ, కాస్త వింతగా.

"మా దగ్గర ఏ లోపమూ లేదండీ," అన్నాడు రేపు సారు కంప్యూటరు ఆవిడ వైపు తిప్పుతూ. "అర సెకను. ఇదిగో, అందింది అని కూడా ఉంది."

"అర సెకను ఇవాళ పన్నెండు నుంచి," అంది టవరమ్మ.

అత్తగారు ఫోను బల్ల మీద పెట్టి ముందుకు తోసింది. అంతలో అది మోగింది. చెల్లెలు. ఆవిడ వేలు పచ్చగుర్తు మీదికి అలవాటుగా వెళ్ళి, ఆగి, ఎర్రగుర్తు నొక్కింది. తల్లి తనంతట తాను చిన్నమ్మ ఫోను కట్ చెయ్యడం కొడుకు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

డాక్టరమ్మ పట్టీ పైకి జరిపింది. కిందికి జరిపింది. తేదీలు తన కాగితం మీద రాసుకుంది. టవరమ్మ రెండే ముక్కల్లో చెప్పింది: నడిచే మనిషి కోసం ఆగమని నేర్పిన పెట్టెలు, పరుగెత్తే బండి కోసం కూడా ఆగాయి. సందేశం పెట్టె దగ్గర ఉండిపోయింది. డ్రైవరుకి రాలేదు.

"ఆ రిజిస్టరు ఇటివ్వండి," అంది డాక్టరమ్మ.

రేపు సారు ఇవ్వడానికి ఆరు సెకన్లు పట్టింది. టవరమ్మ లెక్కపెట్టింది.

"ఈ మార్పు ఎవరు చేశారు?"

బల్ల కింద భర్త చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది. వద్దని. ఆమె ఆ వేళ్ళని మెల్లగా విడిపించి, అతని మోకాలి మీదే పెట్టి, లేచి నిలబడింది.

"నేనండి."

పెన్ను మూత తీసిన చప్పుడు.

"డ్రైవరు గారూ, మీరు బయట కూర్చోండి. మీ విషయం నాకు అర్థమైంది. ఇప్పుడు ఈవిడతో మాట్లాడాలి."

అతను లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. మూడు రోజులుగా ఆమె గొంతులో ఆగిపోయిన మాట, ఎవరున్నారో చూసుకోకుండా, ఇప్పుడు బయటికొచ్చింది.

"మీరు అబద్ధం చెప్పలేదు. నాకు మొదట్నించీ తెలుసు."

అతను తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు.

"అందింది," అని బయటికి వెళ్ళాడు.

డాక్టరమ్మ రిజిస్టరు పేజీ మీద వేలుపెట్టింది. "మార్చినవారి సంతకం మీది. సరే. ఇక అనుమతించినవారు..." తల ఎత్తి పక్కకి చూసింది.

రేపు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ సంతకం నాది కాదండీ," అన్నాడు.

టవరమ్మ కూర్చోలేదు. బయటికి వెళ్ళమని ఎవరూ చెప్పని అత్తగారు మాత్రం, కోడలి చెప్పుల్లో కాళ్ళు సర్దుకుని, కుర్చీ ఒక అడుగు ముందుకు జరుపుకుని, గొంతు సవరించుకుంది.